జబ్బు పేరు రీల్ చెబుతోంది, దారి ఎవరు చెప్పాలి?

విజయవాడ, గుంటూరు నగరాల్లో పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలకు డిప్రెషన్, యాంగ్జైటీ, ప్యానిక్ అటాక్, ట్రామా వంటి మాటలు ఇవాళ కొత్త కావు. వీటిని వారికి నేర్పింది తరగతి గది కాదు, ఇంట్లో పెద్దలు అంతకన్నా కాదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్, స్నేహితుల వాట్సాప్ స్టేటస్‌లు నేర్పాయి. మానసిక సమస్య గురించి నోరు విప్పడమే పరువు తక్కువగా భావించే ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు ఆ సమస్యకు ఒక పేరుందని, అది తమ ఒక్కరికే వచ్చింది కాదని తెలియడం చిన్న విషయం కాదు. అయితే పేరు తెలియడంతోనే అవగాహన వచ్చేసిందనుకోవడం పొరపాటు. సోషల్ మీడియా ఇప్పుడున్న తీరులో పేరు దగ్గరే ఆగిపోతోంది. ఆ తర్వాత ఏం చేయాలో, ఎవరితో చెప్పాలో, ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఈ రెండు ఊళ్ల పిల్లలకు ఈ ఊళ్లవాళ్లే, తెలుగులోనే చెప్పాల్సి ఉంటుంది.

మానసిక ఆరోగ్య అక్షరాస్యత అనే భావనను ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆంథొనీ జోర్మ్, ఆయన సహచరులు 1997లో ప్రతిపాదించారు. మానసిక రుగ్మతలను గుర్తించడానికి, ఎదుర్కోవడానికి, వీలైతే రాకుండా చూసుకోవడానికి తోడ్పడే జ్ఞానాన్నీ నమ్మకాలనూ కలిపి వారు ఆ పేరు పెట్టారు. అప్పటి సర్వేలో వారు జనాన్ని నిర్వచనాలు అడగలేదు. డిప్రెషన్‌తో బాధపడుతున్న ఒక వ్యక్తి పరిస్థితిని నాలుగైదు వాక్యాల్లో వర్ణించి, ఈ మనిషికి ఏమైందో చెప్పమన్నారు. సరిగ్గా గుర్తించినవారు 39 శాతం. ఎవరి సాయం తీసుకోవాలి, ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్న ప్రశ్నలు కూడా ఆ సర్వేలో ఉన్నాయి. అంటే ఈ అక్షరాస్యతలో గుర్తుపట్టడం ఒక భాగమైతే, సరైన సాయం దాకా చేరడం మరో భాగం.

ఈ అవగాహన కౌమారంలోనే ఎందుకు కావాలో చెప్పడానికి కొన్ని అంకెలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జీవితంలో ఎప్పుడైనా మానసిక రుగ్మత వచ్చినవారిలో దాదాపు సగం మందికి అది 18 ఏళ్లు నిండేలోపే మొదలవుతుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్ల వారిలో ఈ రేటును 7.3 శాతంగా, మెట్రో నగరాల్లో 13.5 శాతంగా అంచనా వేసింది. ఆ సర్వే జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఆ అంకెను యథాతథంగా కృష్ణా తీరానికి అన్వయించలేం. కానీ ర్యాంకుల ఒత్తిడిని ఇంతగా మోస్తున్న ప్రాంతం ఆ సగటు కన్నా తేలికగా ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ కనిపించదు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది.

తెలిసి ఉండటం అంటే ఏమిటి?

జోర్మ్ పద్ధతిలోనే ఒక కల్పిత ఉదాహరణను తీసుకుందాం. గుంటూరులో హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న అమ్మాయి. మూడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. మెస్‌లో టిఫిన్ సగం వదిలేస్తోంది. ఆదివారం ఔటింగ్‌కు రమ్మంటే రానంటోంది. ఒకప్పుడు రూమ్‌లో అందరినీ నవ్వించే పిల్ల ఇప్పుడు లైటు ఆపకముందే దుప్పటి ముసుగేస్తోంది. వీకెండ్ టెస్ట్‌లో మార్కులు తగ్గి సెక్షన్ మారింది. తలనొప్పి, కడుపునొప్పి అంటూ తరచూ సిక్ రూమ్‌కు వెళ్తోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం “బానే ఉన్నానమ్మా” అని రెండు ముక్కల్లో పెట్టేస్తోంది.

ఇంట్లోవాళ్లకు విషయం తెలిసేసరికి అది కడుపునొప్పి రూపంలో తెలుస్తుంది. గ్యాస్ మాత్రలు వేయిస్తారు, రక్తపరీక్ష చేయిస్తారు, కళ్లద్దాలు మార్పిస్తారు, దిష్టి తీస్తారు. ఇందులో తప్పేమీ లేదు. రక్తహీనత, థైరాయిడ్ వంటివి కూడా ఇలాంటి నీరసానికి కారణం కావచ్చు కనుక పరీక్ష అవసరమే. దిష్టి తీయడం వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం అక్కడితో ఆగిపోవడంలో ఉంది.

ఆ గదిలోనే ఉంటున్న స్నేహితురాలికి మానసిక ఆరోగ్యంపై నిజమైన అవగాహన ఉంటే ఆమె చూసే తీరు వేరుగా ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు నిద్ర పట్టకపోవడానికీ, రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, ఇష్టాలు అన్నీ కలిసి తగ్గిపోవడానికీ తేడా ఆమెకు తెలుస్తుంది. “లైట్ తీసుకో”, “అందరికీ ఉండేదేగా” అని తేల్చేయకుండా పక్కకు తీసుకెళ్లి అడుగుతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగడానికి వెనకాడదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం మనలో చాలామందికి ఉంది కానీ, పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించడం లేదు. అడగడం వల్ల బాధలో ఉన్నవారికి ఊరట కలిగే అవకాశమే ఎక్కువ. “ఎవరికీ చెప్పనని ఒట్టు వేయి” అని ఆ అమ్మాయి అడిగినా, ప్రాణానికి సంబంధించిన విషయంలో ఆ ఒట్టు నిలబెట్టుకోకూడదని, నమ్మకమైన పెద్దవారికి వెంటనే చెప్పాలని స్నేహితురాలికి తెలిసి ఉంటుంది. ఆ పెద్దవారు ఎవరో, వారు చెవిన పెట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయవచ్చని కూడా తెలిసి ఉంటుంది.

ఈ వరుసలో మొదటిదాన్ని, అంటే లక్షణాలను గుర్తుపట్టడాన్ని మాత్రమే ఇప్పటి రీల్స్ ఎంతో కొంత నేర్పుతున్నాయి. అది కూడా అన్నిసార్లూ సరిగ్గా నేర్పడం లేదు.

రీల్‌లో పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

కెనడాలో 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీపై (ఏకాగ్రత కుదరక, నిలకడ లేకుండా చేసే రుగ్మత) అత్యధికంగా చూసిన 100 వీడియోలను పరిశీలిస్తే, వాటిలో 52 శాతం తప్పుదోవ పట్టించేవిగా తేలాయి. భారత్‌లో టిక్‌టాక్‌ను 2020 జూన్‌లోనే నిషేధించినా, ఆ వీడియోల ధోరణి రీల్స్, షార్ట్స్ రూపంలో ఇక్కడికీ వచ్చింది. “ఈ ఐదు లక్షణాలు ఉంటే మీకు యాంగ్జైటీ ఉన్నట్టే” అంటూ మొదలయ్యే నలభై సెకన్ల వీడియోను పరీక్షల కాలంలో ఉన్న పదహారేళ్ల పిల్లవాడు చూస్తే, ఐదింటిలో నాలుగు తనకు ఉన్నాయనే అనుకుంటాడు. గుండె దడ, చేతులకు చెమట, ఏకాగ్రత కుదరకపోవడం, చిరాకు మార్చి నెలలో ఎవరికి ఉండవు? రుగ్మతను నిర్ధారించేటప్పుడు డాక్టర్ చూసేది లక్షణం ఉందా లేదా అని మాత్రమే కాదు. అది ఎన్నాళ్లుగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, దానివల్ల రోజువారీ పనులు ఎంతవరకు కుంటుపడ్డాయి అన్నవే నిర్ణయాన్ని మారుస్తాయి. రీల్‌లో సాధారణంగా ఎగిరిపోయేవి సరిగ్గా ఆ మూడే.

దీనికి మరో వైపు కూడా ఉంది. మానసిక ఆరోగ్యంపై ప్రచారం పెరిగేకొద్దీ కొందరు మామూలు దిగులును, బెంగను కూడా రుగ్మతగా భావించుకుని, ఆ భావనతో ఇంకాస్త కుంగిపోయే ప్రమాదం ఉందని మనస్తత్వ పరిశోధకులు లూసీ ఫౌక్స్, జాక్ ఆండ్రూస్ 2023లో వాదించారు. ఇది ఇంకా పరికల్పన దశలోనే ఉన్నా తోసిపుచ్చదగింది కాదు. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా పాఠశాల విద్యార్థులపై జరిగి 2022లో ఫలితాలు వెలువడిన మిరియడ్ పరిశీలనలో, తరగతి గదిలో అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ (మనసును ప్రస్తుత క్షణంపై నిలిపే సాధన) నేర్పినందువల్ల మామూలు పాఠాలకు మించిన మేలేమీ కనిపించలేదు. మంచి ఉద్దేశంతో చెప్పిందల్లా మంచే చేస్తుందనుకోకూడదని ఈ అనుభవం హెచ్చరిస్తోంది. అలాగని మౌనమే మేలని వాదించడానికి దీన్ని వాడుకోవడం కూడా సరికాదు. మన దగ్గర ఇప్పటికీ చికిత్స అందనివారే ఎక్కువ. జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్, యాంగ్జైటీ వంటి సాధారణ రుగ్మతలు ఉన్నవారిలో నూటికి 80 మందికి పైగా చికిత్సకు దూరంగా ఉన్నారు. లేని జబ్బును ఊహించుకునేవారు కొందరుంటే, ఉన్న జబ్బును కడుపులో దాచుకునేవారు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు.

ఎవరికి ఏ వీడియో చూపాలో నిర్ణయించే అల్గారిథమ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. దిగులుగా ఉన్న రాత్రి ఒక విషాదపు వీడియోను చివరిదాకా చూస్తే అలాంటివే మరికొన్ని వచ్చి పడతాయి. అవి చూసేకొద్దీ ఫీడ్ మొత్తం అదే రంగుకు మారిపోతుంది. 2022లో లండన్‌లో ఒక కరోనర్ (మరణాల కారణాలను విచారించే అధికారి), 14 ఏళ్ల బాలిక మరణంపై విచారణ ముగిస్తూ, ఆమె ఆన్‌లైన్‌లో చూసిన స్వీయహాని, డిప్రెషన్ కంటెంట్ ఆమె మరణానికి నామమాత్రానికి మించి దోహదం చేసిందని నిర్ధారించారు. అందుచేత పిల్లలకు నేర్పాల్సినవాటిలో ఫీడ్‌ను సరిచేసుకోవడం కూడా ఒకటి. ఆసక్తి లేదని ఎలా నొక్కాలి, సిఫార్సులను ఎలా రీసెట్ చేసుకోవాలి, రాత్రిపూట నోటిఫికేషన్లు ఎలా ఆపాలి అన్నవి మానసిక ఆరోగ్య పాఠంలో భాగం కావాలి. ఇవి సాంకేతిక చిట్కాల్లా కనిపిస్తాయి కానీ, రాత్రి ఒంటిగంటకు మేలుకుని ఉన్న పిల్లకు చేతిలో ఉన్న మొదటి రక్షణ అవే.

ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

మానసిక రుగ్మతలపై ఉన్న చిన్నచూపును ఏది తగ్గిస్తుందన్న దానిపై 2012లో పాట్రిక్ కోరిగన్ బృందం అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించింది. పెద్దవారి విషయంలో, జబ్బు నుంచి కోలుకున్న మనిషిని నేరుగా కలిసి మాట్లాడటం బాగా పనిచేస్తే, కౌమారంలో ఉన్నవారి విషయంలో మాత్రం సమాచారం చెప్పి అపోహలు తొలగించడమే ఎక్కువ ఫలితమిచ్చింది. తెలుగు సోషల్ మీడియాలో ఈ అంశంపై పని చేసేవారు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. కన్నీళ్లు పెట్టించే సొంత కథలకు లైకులు ఎక్కువ వస్తాయి కనుక అందరూ అటే వెళ్తున్నారు. పిల్లలకు మాత్రం తేటగా, తడుముకోకుండా చెప్పిన సరైన సమాచారం ఎక్కువ ఉపయోగపడవచ్చు.

ఆ సమాచారం డాక్టర్ తెల్లకోటు వేసుకుని చేసే ఉపన్యాసం కానక్కర్లేదు. హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయం పరిశోధకులు టిక్‌టాక్‌లో అప్పటికే మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడుతున్న క్రియేటర్లకు శాస్త్రీయ ఆధారాలున్న అంశాలతో ఒక సమాచార సంపుటిని పంపి, ఆ తర్వాత వారి వీడియోలను గమనించారు. ఆ సంపుటి అందుకున్నవారు అందులోని విషయాలను తమ వీడియోల్లోకి తీసుకురావడం పెరిగింది. కొత్త చానల్ పెట్టి జనం కోసం ఎదురుచూడటం కన్నా, జనం ఇప్పటికే వింటున్నవారి చేతికి సరైన సరుకు అందించడం తేలిక అని ఇది సూచిస్తోంది. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో తిండి, సినిమా, చదువు, క్రికెట్ గురించి వీడియోలు చేసే కుర్రాళ్లకు కొదవ లేదు. గుంటూరు వైద్య కళాశాల, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్ వంటి సంస్థల సైకియాట్రీ విభాగాలు ఏడాదికి ఒకటి రెండు రోజులు వీరితో కూర్చుని, ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్నది మాట్లాడుకుంటే అయ్యే ఖర్చు స్వల్పం. క్రియేటర్లు ఈ ప్రాంతపు యాసలో, ఈ ప్రాంతపు హాస్టల్ జీవితం తెలిసినవారిగా చెబుతారు కనుక వినేవారికి అది పరాయి పాఠంలా అనిపించదు.

చెబుతున్నవారి అర్హత ఏమిటన్నది పిల్లలు అడగడం నేర్చుకోవాలి. సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. లైఫ్ కోచ్, మైండ్ ట్రైనర్, మోటివేషనల్ స్పీకర్ వంటి బిరుదులను మాత్రం ఎవరైనా తమ పేరు పక్కన పెట్టుకోవచ్చు. వారిలో మంచివారు లేరని కాదు. కానీ “మందులు మానేయండి, నా కోర్సులో చేరండి” అని చెప్పేవారి వీడియోను పక్కన పెట్టగలిగే విచక్షణే అక్షరాస్యతలో సగం.

ఫోన్ లేని పిల్లలు, ఒకటే ఫోన్ ఉన్న ఇళ్లు

సోషల్ మీడియా ద్వారా అవగాహన అనగానే ప్రతి పిల్ల చేతిలో ఫోన్ ఉంటుందన్న ఊహతో ప్రణాళికలు వేస్తారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ ఊహ పనిచేయదు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడి రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో చదివే విద్యార్థులకు హాస్టల్‌లో ఫోన్ సాధారణంగా ఉండనివ్వరు. పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో, అత్యధిక ఒత్తిడిని మోస్తున్న ఈ పిల్లల దాకా ఏ రీల్ కూడా చేరదు. కార్పొరేట్ కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లోనే నీరదారెడ్డి కమిటీ పరిశీలన జరిపింది. అంటే ఈ ఒత్తిడి స్మార్ట్‌ఫోన్ కన్నా పాతది. దోషమంతా ఫోన్ మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం ఎంత తప్పో, పరిష్కారమంతా ఫోన్‌లోనే ఉందనుకోవడం కూడా అంతే తప్పు.

అయినా ఒక వ్యవధి ఉంది. పదో తరగతి పరీక్షలు ముగిసిన దగ్గర్నుంచి ఇంటర్ తరగతులు మొదలయ్యే దాకా ఉండే వేసవిలో పిల్లల చేతుల్లో ఫోన్ ఉంటుంది, సమయమూ ఉంటుంది. కొద్ది వారాల్లో ఇల్లు విడిచి హాస్టల్‌కు వెళ్లబోతున్నామన్న ఆలోచన కూడా ఉంటుంది. తొలి నెలల్లో ఇంటిమీద బెంగ ఎలా ఉంటుంది, అది సాధారణంగా ఎప్పటికి తగ్గుతుంది, తగ్గకపోతే ఎవరితో చెప్పాలి, సెక్షన్ మారినప్పుడు కలిగే అవమానాన్ని ఎలా తట్టుకోవాలి, రూమ్‌మేట్ మాట్లాడటం మానేస్తే ఏం చేయాలి వంటి విషయాలపై చేసే వీడియోలకు ఏప్రిల్, మే నెలల కన్నా మంచి అదను లేదు. దసరా, సంక్రాంతి సెలవులు ఆ తర్వాతి అవకాశాలు. మానసిక ఆరోగ్య దినం అని అక్టోబరు 10న మాత్రమే పోస్టులు పెట్టే అలవాటు ఈ విద్యా క్యాలెండర్‌తో ఏమాత్రం పొసగదు.

హాస్టల్‌లో ఉన్న పిల్లలను చేరడానికి మిగిలిన దారి తల్లిదండ్రుల వాట్సాప్. కళాశాలలు మార్కులు, ఫీజు గడువు, ఔటింగ్ తేదీలు పంపేది ఆ దారినే. తల్లిదండ్రులకు చెప్పడం మరో కారణం వల్ల కూడా తప్పనిసరి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం 18 ఏళ్లలోపు వారికి చట్టపరమైన సంరక్షకులే నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయంలో వారి తరఫున నిలిచేవారు. పిల్లకు ఎంత అవగాహన ఉన్నా ఆమె చికిత్స అమ్మానాన్నల అంగీకారం మీదే ఆధారపడి ఉంటుంది. కూతురు నోరు తెరిచి చెప్పుకున్నా, “నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావు” అని తండ్రి వెనక్కి లాగితే కథ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న “టెస్ట్‌లో ఎంత వచ్చింది?” కాకుండా “రాత్రి నిద్ర పట్టిందా, తిన్నావా?” అయితే ఏం మారుతుందో అరవై సెకన్లలో చూపించే వీడియో, పిల్లల కోసం చేసే పది వీడియోలంత ముఖ్యం. ఆత్మహత్యాయత్నం చేస్తే పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రిలో అసలు సంగతి దాచే కుటుంబాలకు, అలాంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు చట్టమే భావిస్తుందని, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదని తెలియజెప్పడం కూడా ఇందులో భాగమే.

ఇక ఈ నగరాల్లో కార్పొరేట్ కళాశాలల గడప తొక్కని పిల్లలు కూడా లెక్కకు మించి ఉన్నారు. విజయవాడ కొండ ప్రాంతాల్లో, కాలువ గట్ల వెంట ఉన్న బస్తీల్లో ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది అన్నయ్య చేతిలోనో నాన్న జేబులోనో ఉంటుంది. ఆడపిల్ల దాన్ని గంటో అరగంటో అడిగి తీసుకుంటుంది. ఆమె వెతికింది, చూసింది ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. అలాంటి పిల్లకు “మీ బాధను ఇక్కడ మెసేజ్ చేయండి” అని చెప్పడం వల్ల ఉపయోగం లేకపోగా ఇబ్బంది కూడా రావచ్చు. ఈ పిల్లల కోసం ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో 10-19 ఏళ్ల వారితో నిర్వహించిన ఆర్టెమిస్ ప్రాజెక్టు ఎంచుకున్న పద్ధతి గమనించదగ్గది. అందులో చిన్నచూపును తగ్గించే ప్రచారం ఒక భాగమైతే, ఆశా కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు ట్యాబ్‌లోని సాధనం సాయంతో ఎవరికి చికిత్స అవసరమో గుర్తించి వెంట ఉండటం రెండో భాగం. ప్రచారంలో ఏం చెప్పాలో నిర్ణయించేటప్పుడు కౌమార వయస్కుల సలహా బృందం మాట కూడా విన్నారు. తెర మీద చెప్పిన మాటకు వీధిలో ఒక మనిషి తోడవడం ఇక్కడ అసలు విషయం. ఒంటరిగా చూసిన వీడియోకు లేని బలం, గుమ్మం దాకా వచ్చే ఆశా కార్యకర్త చేతిలోని ఫోన్‌లో చూసిన వీడియోకు ఉంటుంది. చూశాక అడగడానికి ఎదురుగా మనిషి ఉంటుంది కనుక.

ఫలితాల రోజు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు, ఆ తర్వాతి వారం అన్నిటికన్నా సున్నితమైన సమయం. ఆ రోజుల్లో ఒక విద్యార్థి ప్రాణం తీసుకుంటే, ఆ పిల్ల ఫొటో, రాసిన ఉత్తరం, ఎలా జరిగిందన్న వివరాలు గంటల్లో లోకల్ న్యూస్ పేజీలు, వాట్సాప్ గ్రూపులు అంతటా తిరుగుతాయి. ఆత్మహత్య వార్తను వివరంగా, పదేపదే, ఒకే కారణానికి ముడిపెట్టి చెబితే అదే స్థితిలో ఉన్న ఇతరులకు ప్రమాదం పెరుగుతుందని 1974లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ చూపినప్పటి నుంచి ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. 2010లో ఆస్ట్రియా పరిశోధకులు దీనికి రెండో ముఖాన్ని చూపారు. అలాంటి ఆలోచన వచ్చినా దాన్ని దాటి నిలబడినవారి కథలు చెప్పడం రక్షణగా పనిచేయవచ్చని వారి అధ్యయనం సూచించింది. ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు పత్రికలకు వర్తిస్తాయి. పదిహేడేళ్ల కుర్రాడు నడిపే న్యూస్ పేజీకి వాటి సంగతే తెలియదు.

ఆస్ట్రేలియాలో యువత మానసిక ఆరోగ్యంపై పనిచేసే ఒరిజెన్ సంస్థ 2018లో యువతతో కలిసి రూపొందించిన చాట్‌సేఫ్ మార్గదర్శకాలు ఈ లోటును పూడ్చడానికి మంచి నమూనా. ఆత్మహత్య గురించి ఆన్‌లైన్‌లో మాట్లాడొద్దని అవి చెప్పవు. ఎలా జరిగిందన్న వివరం పెట్టకుండా, మరణాన్ని గొప్ప చేయకుండా, కారణం ఇదొక్కటేనని తీర్పు చెప్పకుండా, సాయం దొరికే చోటును జోడించి ఎలా మాట్లాడాలో నేర్పుతాయి. చనిపోయిన స్నేహితుడి కోసం స్టేటస్ పెట్టాలనుకునే పిల్లవాడికి ఏం రాయవచ్చో చెప్పే ఇలాంటి చిన్న పుస్తకం తెలుగులో, ఫలితాలకు ముందే ప్రతి ఫోన్‌కూ చేరాలి. ఆ రోజు టాపర్ల ఫ్లెక్సీలు, ర్యాంకుల ప్రకటనలు ఫీడ్ నిండా ఉంటాయి. సప్లిమెంటరీ రాసి గట్టెక్కినవారు, లాంగ్ టర్మ్‌లో రెండో ఏడాది కూర్చుని తర్వాత వేరే కోర్సులో కుదురుకున్నవారు తమ మాట చెప్పాల్సింది కూడా ఆ రోజునే. మరుసటి వారం చెబితే ఆలస్యమవుతుంది.

ఊరి చిరునామా

ఏ వీడియో అయినా “నిపుణులను సంప్రదించండి” అనే మాటతో ముగిస్తే అది సలహా ఇచ్చినట్లు కాదు. పదహారేళ్ల పిల్లకు నిపుణులంటే ఎవరో, ఎంత ఖర్చవుతుందో, ఎవరైనా చూస్తారేమో అన్నవే అడ్డంకులు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరుతో రోజుకు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. చిన్నారులకు 1098 హెల్ప్‌లైన్ ఉంది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఏ గదికి వెళ్లాలి, డాక్టర్ మొదట ఏమేం అడుగుతారు, చెప్పింది ఎంతవరకు గోప్యంగా ఉంటుంది అన్నవాటిని గేటు దగ్గర్నుంచి నడుచుకుంటూ చూపించే ఒక్క వీడియో, లక్షణాల జాబితాలు చదివే వంద వీడియోలు చేయలేని పని చేస్తుంది. భయంలో పెద్ద భాగం ఆ తలుపు వెనక ఏముందో తెలియకపోవడం వల్లే పుడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో, విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మరణంపై విచారిస్తూ, సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని, టెలీ మానస్ సహా హెల్ప్‌లైన్ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో, వెబ్‌సైట్లలో స్పష్టంగా కనిపించేలా పెట్టాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం వీలైనంతవరకు మానాలని, తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా అవగాహన కల్పించాలని అందులో ఉంది. ఈ ఆదేశాలు ఉన్నాయని తెలియడం కూడా విద్యార్థుల, తల్లిదండ్రుల అక్షరాస్యతలో చేరాలి. వేసవిలో అడ్మిషన్ కోసం కళాశాల చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు ర్యాంకుల బోర్డుతో పాటు కౌన్సిలర్ గది ఎక్కడుందో చూపించమనాలి. కౌన్సిలర్ వారంలో ఏ రోజుల్లో ఉంటారు, పిల్లలు వార్డెన్ అనుమతి లేకుండా వెళ్లవచ్చా, హాస్టల్ ఫోన్ నుంచి 14416కు మాట్లాడనిస్తారా అని ఫీజు కట్టకముందే అడగాలి. ఏం అడగాలో ఈ మూడు నాలుగు ప్రశ్నల్లో చెప్పే పోస్టును మే నెల మొదటి వారంలో తల్లిదండ్రుల గ్రూపుల్లోకి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.